‘తరాల అంతరం’ – మన విమర్శలో ఒక తప్పించుకునే దారి

1

ఒక కథలో తండ్రీకొడుకులు గానీ తల్లీకూతుళ్లు గానీ ఎదురెదురుగా నిలబడగానే ‘ఇది తరాల అంతరాన్ని చిత్రించిన కథ’ అని నిర్ణయించి ముందుకు సాగడం మన విమర్శలో చాలాకాలంగా ఉన్న అలవాటు. పాత తరం భూస్వామ్య విలువలకు ప్రతినిధి, కొత్త తరం అభ్యుదయానికి ప్రతినిధి అనే సూత్రం చేతిలో ఉంటే కథను పరిశీలించే శ్రమ సగం తగ్గుతుంది. నలభై ఏళ్లకు పైగా సమీక్షలు, ముందుమాటలు రాస్తున్న నేను కూడా ఈ సూత్రాన్ని ఎన్నోసార్లు వాడుకున్నాను. అది ఎంత అసమగ్రమైనదో ఇటీవల డోంగ్లిలో అర్థమయింది. అది కూడా నాకై నేను గ్రహించింది కాదు, ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్న వల్ల తెలిసింది.

డోంగ్లి కామారెడ్డి జిల్లాలో మహారాష్ట్ర సరిహద్దు దగ్గరి ఊరు. 2022లో మద్నూర్ మండలం నుంచి విడివడి మండల కేంద్రమయింది. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగేదాకా ఈ ప్రాంతమంతా నిజామాబాద్ జిల్లా. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రాన్ని భాషల వారీగా విడదీసినప్పుడు నాందేడ్ జిల్లా దెగ్లూర్ తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు తెలుగు రాష్ట్రంలో కలిశాయి. కాగితం మీద గీత పడింది గానీ పెళ్లి సంబంధాలు, సంతలు, మాటలు ఆ గీతకు రెండువైపులా సాగుతూనే ఉన్నాయి. మా బాపు ఇంట్లో మరాఠీ, బయట తెలుగు మాట్లాడేవాడు, దస్తకత్ ఉర్దూలో చేసేవాడు. నేను తెలుగు మీడియంలో చదివి తెలుగు పంతులునయ్యాను. నా పిల్లలవి ఇంగ్లీషు చదువులు. మూడు తరాల్లో మూడు లిపులు మారిన ఇల్లు మాది. తరాల అంతరం గురించి మాట్లాడే అర్హత నాకు పుట్టుకతోనే వచ్చిందని అనుకునేవాణ్ని.

గత ఏడాది వేసవిలో డోంగ్లిలో ఒక బడి గదిలో కొద్దిమందిమి కూర్చుని కథలు చదువుకున్నాం. అధ్యక్షత నాది. ఆ మండలానికే చెందిన ఒక డిగ్రీ విద్యార్థిని తన మొదటి కథ చదివింది. ఇంకా అచ్చు కాలేదు, పేరు కూడా పెట్టలేదు. కథలో తండ్రి పంతులు. చదువుకునే రోజుల్లో విద్యార్థి ఉద్యమంలో పాటలు పాడినవాడు. ఇప్పుడు కూడా సభల్లో స్త్రీల హక్కుల గురించి మాట్లాడతాడు. తాత చనిపోయాక పొలం పంపకాలకు వస్తుంది. తండ్రి తన చెల్లెల్ని పిలిపించి, పొలంలో తనకు వాటా అక్కర్లేదని రాసిన కాగితం మీద దస్తకత్ పెట్టమంటాడు. నాయినమ్మ ఆ మాట విని, ఎప్పుడో తాత కూడా తన చెల్లెలితో ఇలాగే వేలిముద్ర వేయించుకున్న సంగతి చెబుతుంది. కాగితం చదివి మేనత్తకు వినిపించమని తండ్రి తన కూతురికే ఇస్తాడు. కూతురు చదువుతూ చదువుతూ ఒకచోట ఆగుతుంది. కథ అక్కడితో అయిపోతుంది.

చర్చ వేడిగానే జరిగింది. ఇంటి ఆస్తి తగాదాలోకి వర్గ సమస్యను కుదించిందని ఒక మిత్రుడు ఆక్షేపించాడు. ఉద్యమంలో నష్టపోయిన ఒక తరాన్ని ఒక వ్యక్తి బలహీనత చూపి అవమానించిందని ఇంకొకాయన బాధపడ్డాడు. నేను ఇద్దరినీ సమన్వయపరుస్తున్నట్టుగా, ఇది తరాల అంతరం కథ అని, తండ్రి తరం చారిత్రక పరిమితులు కూతురికి అర్థం కాకపోవడం సహజమని, చివర తండ్రి పశ్చాత్తాపాన్ని సూచించే ఒక సన్నివేశం చేరిస్తే కథ సమగ్రమవుతుందని ముగింపు ఉపన్యాసం చేశాను. అందరూ బయటికి వచ్చాక ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది: “సార్, తాత తీసుకున్నది వేలిముద్ర, నాయిన తీసుకున్నది దస్తకత్. రెండింటి కింద ఉన్న కాగితం ఒక్కటే గదా. మరి అంతరం ఏడున్నది సార్?”

నేను ఏదో సర్దిచెప్పి బస్సెక్కాను. ఆ ప్రశ్నకు నాకు అప్పుడు జవాబు లేదు. ఆ జవాబు కోసం మన సాహిత్యాన్ని మళ్లీ ఒకసారి తిరగేయవలసి వచ్చింది.

2

పక్కపక్క తరాల ఘర్షణ సాహిత్యానికి కొత్త వస్తువు కాదు. 1862లో తుర్గేనెవ్ ‘తండ్రులు – కొడుకులు’ రాసినప్పుడు రష్యాలో పెద్దలూ కోపగించుకున్నారు, యువకులూ కోపగించుకున్నారు. తమను తక్కువ చేశాడని ఇరుపక్షాలూ అనుకోవడమే ఆ నవల సాధించిన విజయం. 1928లో కార్ల్ మాన్‌హైమ్ అనే సామాజిక శాస్త్రవేత్త తరాల సమస్య మీద రాసిన వ్యాసంలో మనకు పనికివచ్చే మాట ఒకటి ఉంది. ఒకే కాలంలో పుట్టినంత మాత్రాన ఒక తరం కాదు. ఒకే చారిత్రక అనుభవాన్ని పంచుకోవాలి. పంచుకున్న తర్వాత కూడా ఆ అనుభవానికి ఒకే తరంలోని వాళ్లు పరస్పర విరుద్ధంగా స్పందించవచ్చు. అంటే ఒకే వయసువాళ్లలో భిన్న దృక్పథాలుంటాయి. అలాగే వేర్వేరు వయసులవాళ్లలో ఒకే దృక్పథం ఉండవచ్చు.

ఈ మాట వినడానికి తేలిక. విమర్శలో పాటించడం కష్టం. ఎందుకంటే వయసు కంటికి కనిపిస్తుంది, దృక్పథాన్ని వెదకాలి. ఆ వెదికే పనికి ఒక ఆనవాలు ఉందని నేను ఇప్పుడు అనుకుంటున్నాను. ఒక విలువ నిజంగా మారిందా లేదా అని తెలుసుకోవాలంటే పాత్రల మాటలు కాక, ఆస్తి ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి పోతున్నదో చూడాలి. మాటలు ఒక తరం ముందే మారిపోవచ్చు. విలువలు కూడా తమను పుట్టించిన ఆస్తి పోయాక ఇంకో తరం బతకవచ్చు. మనం తరాల అంతరం అని పిలిచేది చాలాసార్లు ఈ ముందువెనుకల తేడాయే. మూడు ప్రసిద్ధ రచనలను ఈ కోణం నుంచి పరిశీలిస్తాను.

3

‘కన్యాశుల్కం’ మొదటిసారి 1892లో ప్రదర్శితమయింది. 1897లో అచ్చయింది. గురజాడ దాన్ని దాదాపు తిరగరాసి 1909లో రెండో కూర్పు వేశాడు. పాఠ్యపుస్తకాల పద్ధతిలో చూస్తే అగ్నిహోత్రావధానులు పాత తరం, గిరీశం కొత్త తరం. ఒకరు వేదం, ఇంకొకరు ఇంగ్లీషు. ఈ పంపకం ఎంత తప్పో నాటకమే చెబుతుంది. అవధానులు సనాతనుడే, కానీ కొడుకును ఇంగ్లీషు చదువుకు పంపినవాడు కూడా అతనే. ఆ చదువుకయ్యే ఖర్చుకు విసుక్కుంటూనే కూతురి పెళ్లి మీద వచ్చే సొమ్ము లెక్క పెట్టుకుంటాడు. పాత శాస్త్రం, కొత్త చదువు రెండూ అతనికి రాబడి వ్యయాల పద్దులే.

గిరీశం మాట్లాడేదంతా సంస్కరణ భాష. వితంతు వివాహం, స్వేచ్ఛ, నాగరికత లాంటి ఆ కాలపు యువతరం నినాదాలన్నీ అతని నాలుక మీద ఉన్నాయి. కానీ బుచ్చమ్మను లేవదీసుకుపోయే పథకంలో అతను వేసుకున్న లెక్క ఏమిటి? ఆమె ఆస్తి ఎంత అన్నదే. తండ్రి కూతుర్ని అమ్మి డబ్బు చేసుకున్నాడు. ఆ కూతురు విధవ అయ్యాక కొత్త యువకుడు ఆమెను ‘ఉద్ధరించి’ ఆస్తి చేసుకోవాలనుకున్నాడు. మాటలు తలకిందులయ్యాయి, వ్యవహారం అలాగే ఉంది. బుచ్చమ్మ వైపు నుంచి చూస్తే ఇద్దరి మధ్య అంతరం చాలా కొద్దిది. గిరీశం ఆట కట్టించి ఆమెను పూనాలోని విడోస్ హోముకు పంపే ఏర్పాటు చేయించినప్పుడు గురజాడ తన తీర్పు తాను ఇచ్చాడు. ఆ తీర్పు పాత తరానికీ అనుకూలం కాదు, కొత్త తరానికీ అనుకూలం కాదు. మనం గిరీశాన్ని చూసి వందేళ్లుగా నవ్వుతూనే ఉన్నాం. మనలో ఎంతమందిమి కొత్త మాటలు మాట్లాడే పాత మనుషులమో లెక్క చూసుకోలేదు.

గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ 1940ల మధ్యలో వచ్చింది. సీతారామారావు పతనాన్ని మనస్తత్వ విశ్లేషణగా చదవడం రివాజు. అది నిజమే కానీ సగమే నిజం. వంశ ప్రతిష్ఠ నిలబెట్టాలని తండ్రి చెప్పిపోయిన మాట అతనికి వారసత్వం. ఆ ప్రతిష్ఠ భూమి మీద నిలబడిన విలువ. చేతిలో ఆస్తి ఉన్నన్నాళ్లూ ఆ విలువ దానగుణంగా, పెద్దరికంగా కనిపించింది. ఆస్తి కరిగిపోయాక కూడా ఆ విలువ కరగలేదు. ఇంకొకరి కింద పని చేయలేడు, పని చేయకుండా బతకలేడు. చివరికి ఆ కోపమంతా తనకన్నా బలహీనులైన భార్య మీద, బిడ్డ మీద తీర్చుకుంటాడు. విలువ తన ఆధారాన్ని మించి ఒక తరం బతికితే ఏమవుతుందో చూపిన నవల అది.

ఇక్కడ ఇంకో విషయం గమనార్హం. ఆ నవలను గోపీచంద్ తన తండ్రికి అంకితమిచ్చాడు. ‘ఎందుకు’ అని ప్రశ్నించడం నేర్పినవాడు తండ్రేనని అందులో చెప్పుకున్నాడు. ఆ తండ్రి త్రిపురనేని రామస్వామి చౌదరి, పురాణాలను నిలదీసిన హేతువాది. కొడుకు మొదట హేతువాదంలో, ఎమ్.ఎన్. రాయ్ భావాల్లో నడిచి తర్వాతి కాలంలో అరవిందుని తత్త్వం వైపు మొగ్గాడు. ఇక్కడ తిరగబడినవాడు తండ్రి, వెనక్కి తిరిగి చూసినవాడు కొడుకు. ‘పాత తరం వెనుకబడినది, కొత్త తరం ముందుకుపోయేది’ అనే సూత్రం ఈ ఒక్క ఇంట్లోనే నిలబడలేదు. మన సాహిత్యానికంతటికీ ఎలా వర్తిస్తుంది?

4

కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ను నేను 1970లలో కాలేజీలో చదివాను. ఆ రోజుల్లో మా బృందంలో ఆ కథ చదవనివాడు మాట్లాడటానికి జంకేవాడు. అప్పల్రాముడు పాత తరం. అప్పు తీర్చాలి, మాట నిలబెట్టుకోవాలి, పెద్దల తీర్పుకు తలవంచాలి అన్నది అతను నమ్మిన ధర్మం. అతని కొడుకు సీతారాముడికి ఆ ధర్మం వెనుక ఉన్న బానిసత్వం కనిపించింది. భూమి పోతే తన కొడుకు ఎవరి గడపలో పనికి కుదరాలో తెలిసిపోయింది. ఆ కొడుకునే చంపి పంచాయితీ ముందు పడేశాడు. ఆ ముగింపు న్యాయమా, అది తిరుగుబాటా, నిరాశా అని దశాబ్దాల తరబడి వాదాలు జరిగాయి.

ఆ వాదాల్లో మరుగునపడిన ఒక సంగతి ఇప్పుడు చెప్పాలి. తండ్రీకొడుకుల మధ్య తేడా వయసు వల్ల రాలేదు. అప్పును ఇద్దరూ రెండు రకాలుగా చదివారు. తండ్రి దాన్ని తను ఇచ్చిన మాటగా చదివాడు. కొడుకు దాన్ని తన కొడుకు భవిష్యత్తుగా చదివాడు. తండ్రి కళ్లు వెనక ఉన్న బాకీ మీద ఉన్నాయి, కొడుకు కళ్లు ముందున్న పాలేరుతనం మీద ఉన్నాయి. ఇది నిజమైన విలువల ఘర్షణ. ఎందుకంటే ఇక్కడ ఆస్తి నిజంగా చేతులు మారుతున్నది, దాన్ని ఆపడానికి ఒకడు భరించలేని మూల్యం చెల్లించాడు. కారా గొప్పతనం ఆ ఘర్షణను తండ్రీకొడుకుల మనస్పర్థగా కాక ఊరి ఆర్థిక సంబంధాల పరిణామంగా నిరూపించడంలో ఉంది. ఊరు ఎలా మారిందో ఓపికగా చెప్పి, ఆ తర్వాతే కొడుకు చేతికి కత్తి ఇచ్చాడు.

అయితే ఆ కథను మేం చదివిన తీరులో ఒక లోపం ఉంది. తాత, తండ్రి, మనవడు అనే వరసలో మేం మూడు తరాలను లెక్కపెట్టాం. ఆ వరసలో ఆడవాళ్లు లేరు. తరం అంటే మగవాళ్ల వరస అని ఎవరూ మాకు చెప్పలేదు, అయినా మేం అలాగే అర్థం చేసుకున్నాం. ఆ అప్పు ఆ ఇంటి ఆడవాళ్ల మీద ఎలా పడింది అన్న ప్రశ్న ఆ రోజుల్లో మాకెవరికీ తట్టలేదు. డోంగ్లిలో ఆ అమ్మాయి రాసిన కథ సరిగ్గా ఆ ఖాళీలోంచి వచ్చింది.

5

ఇప్పుడు మన ఉద్యమ చరిత్రనే ఈ వెలుగులో చూద్దాం. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం మొదటి మహాసభ జరిగినప్పుడు అధ్యక్షత వహించినది తాపీ ధర్మారావు. అంటే యువకులు స్థాపించుకున్న సంఘానికి అప్పటికే యాభై దాటిన పెద్దమనిషి ముందు నిలబడ్డాడు. 1965లో దిగంబర కవులు తమ మొదటి సంపుటిని హైదరాబాదులో అర్ధరాత్రి ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేసినప్పుడు వాళ్ల కోపం పాత ఛాందసుల మీదనే కాదు, నిద్రలోకి జారిన అభ్యుదయవాదుల మీద కూడా. 1970 ఫిబ్రవరిలో విశాఖపట్నంలో శ్రీశ్రీ షష్టిపూర్తి జరిగినప్పుడు, రచయితలు ఎటువైపు నిలబడతారో తేల్చుకోమని విద్యార్థులు కరపత్రం పంచారు. అది కొడుకులు తండ్రులను అడిగిన ప్రశ్నలాగే ఉంది. కానీ తర్వాత ఏమయింది? అదే సంవత్సరం జులై 4న విప్లవ రచయితల సంఘం ఏర్పడితే దానికి మొదటి అధ్యక్షుడు ఆ అరవై ఏళ్ల శ్రీశ్రీయే. ఎందరో నడివయసువాళ్లు, యువకులు అటు వెళ్లలేదు. గీత వయసుల మధ్య పడలేదు, ప్రశ్నకు జవాబు చెప్పినవాళ్లకూ చెప్పనివాళ్లకూ మధ్య పడింది. ఎవరి జవాబు సరైనదో ఈ వ్యాసం విషయం కాదు. ఆ ప్రశ్నను ‘కుర్రకారు ఆవేశం’ అని కొట్టివేయకుండా, ప్రశ్నగానే తీసుకున్న మనిషి ఒకడున్నాడు అన్నది విషయం.

ఆ మర్యాద మనం తర్వాతివాళ్లకు చూపించామా? 1987లో ఓల్గా ‘స్వేచ్ఛ’ వచ్చినప్పుడు, 1993లో ‘నీలిమేఘాలు’ సంకలనం వచ్చినప్పుడు మన గోష్ఠుల్లో వినిపించిన మాటలు నాకు గుర్తున్నాయి. ఇవి మధ్యతరగతి సమస్యలన్నారు, ఐక్యతకు భంగమన్నారు. కొన్ని నేను కూడా అన్నాను. 1995లో ‘చిక్కనవుతున్న పాట’ దళిత కవులను ఒకచోటికి చేర్చినప్పుడు కూడా మళ్లీ అవే మాటలు. ఒకప్పుడు మనం కొడుకులుగా పెద్దలను నిలదీశాం. ఎప్పుడు తండ్రులమయ్యామో మనకే తెలియలేదు. నిలదీసినవాళ్లను ‘తొందరపాటు తరం’ అని పిలవడం మొదలుపెట్టాం. తరాల అంతరం అనే మాటకు మన విమర్శలో ఉన్న అసలు ఉపయోగం ఇదేనని నాకు ఇప్పుడు అనిపిస్తున్నది. ప్రశ్న అడిగినవాళ్ల వయసును చూపించి ప్రశ్నను వాయిదా వేయడానికి అది పనికొస్తుంది.

యువకులందరూ సరైనవాళ్లే అని నేను అనడం లేదు. అలా అనడం ఇంకో రకం సోమరితనం. మా వైపు కొన్ని కులాల్లో ఒకప్పుడు పెళ్లికి ఓలి ఇచ్చేవారు, అంటే మగపిల్లవాడివాళ్లే ఇచ్చుకునేవారు. చదువులు, ఉద్యోగాలు వచ్చిన తరంతో పాటే ఆ ఇళ్లలోకి కట్నం కూడా వచ్చింది. 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చాక పుట్టినవాళ్లే, ఆ చట్టం గురించి పరీక్షల్లో వ్యాసాలు రాసినవాళ్లే కట్నాలు తీసుకున్నారు. గిరీశం వారసులకు ఏ తరంలోనూ కొరత లేదు. అందుకే వయసు ఏ పక్షానికీ రుజువు కాదు.

6

ఇంతవరకు రాసినదంతా నిజాయితీగా రాశానని చెప్పాలంటే ఇంకో సంగతి రాయాలి. దాన్ని తప్పించుకోవడానికే ఆ రోజు డోంగ్లిలో పశ్చాత్తాప సన్నివేశం గురించి అంత వివరంగా మాట్లాడానని ఇప్పుడు తెలుస్తున్నది.

మా బాపు 1994లో పోయాడు. వీలునామా లేదు. ఆరెకరాల నల్లరేగడి. నేనూ తమ్ముడూ పంచుకున్నాం. మా అక్క పెళ్లి 1979లో జరిగింది, ఆమె అత్తవారిది దెగ్లూర్ వైపు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారమే తండ్రి భాగంలో ఆమెకు మాతో పాటు వాటా ఉంది. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు సమాన హక్కు ఇస్తూ 1986లో మన రాష్ట్రం చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని ఆడపిల్లలకే వర్తించింది. దేశమంతటికీ సమాన హక్కు 2005 సెప్టెంబరులో వచ్చింది. 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని, తండ్రి అప్పటికి బతికి ఉండనక్కరలేదని తేల్చింది. కానీ 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన పంపకాల జోలికి ఆ చట్టం పోదు. అంటే ఈ రోజుకీ చట్టం నా పక్షానే ఉంది.

పంపకాల కాగితం నేనే రాశాను, చక్కటి తెలుగులో. అప్పటికే ‘యజ్ఞం’ మీద రెండు వ్యాసాలు రాసి ఉన్నాను. అక్క కాగితం వైపు చూడలేదు, నా మొహం వైపు చూసింది. “ఏడ వెట్టాలె తమ్మీ?” అంది. నేను వేలితో చోటు చూపించాను. తర్వాత ఆమెకు చీర పెట్టి ఒడిబియ్యం పోశాం. వాటా అడిగితే ఆ ఒడిబియ్యం ఆగిపోతుందని, పుట్టిల్లు మూతపడుతుందని ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసని మాకూ తెలుసు. ఆ మౌనంలో కుదిరిన ఒప్పందాన్నే మేం ఆప్యాయత అన్నాం. మా బాపు తన చెల్లెలి దగ్గర వేలిముద్ర తీసుకున్నాడో లేదో నాకు తెలియదు, నేను ఎప్పుడూ అడగలేదు. ఆయన దస్తకత్ ఉర్దూలో, నాది తెలుగులో. లిపి మారింది. కాగితం మారలేదు.

ఈ వ్యాసం రాయడానికి ముందు ఆ అమ్మాయి కథ నకలు తీసుకుని అక్క దగ్గరికి వెళ్లాను. ఆమెకు తెలుగు చదవడం అంతగా రాదు, నేనే చదివి వినిపించాను. విన్నాక కాసేపు ఊరుకుని, “కథ మంచిగున్నది. ఆ పిల్లకు నా సంగతి ఎవలు చెప్పిన్రు?” అని అడిగింది. ఎవరూ చెప్పలేదన్నాను. “మరి గిట్ల ఎట్ల రాసింది?” అంది. ముప్ఫై ఏళ్లలో ఆ కాగితం గురించి మా మధ్య నడిచిన మొదటి సంభాషణ అది. దానికి ఒక కథ కావలసి వచ్చింది. సాహిత్య ప్రయోజనం గురించి నేను సభల్లో చెప్పినదంతా ఒకవైపు, ఆ రెండు వాక్యాలు ఒకవైపు.

7

ఇంతకూ ఆ కథ మీద విమర్శకుడిగా నా అభిప్రాయం ఏమిటి? కథ లోపరహితం కాదు. నాయినమ్మ నోట ఆ పాత సంగతి కొంచెం అనుకూలంగా, కథకు అవసరమైనప్పుడే బయటికి వచ్చింది. ఆమె అది ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదో, ఇప్పుడు ఎందుకు చెప్పిందో ఇంకొంచెం తెలియాలి. పొలం ఎంత, నీళ్లున్నాయా, దాని మీద అప్పెంత అన్న వివరాలు కథలో లేవు. మంజీరకు అవతల నిజాంసాగర్ కాలువ కింది వరిపొలం వాటాకూ, ఇటువైపు వానను నమ్ముకున్న సోయా, పత్తి చేను వాటాకూ తేడా ఉంది. ఆ తేడా తెలిస్తే అన్నదమ్ముల ఆరాటం కూడా మనకు అర్థమయ్యేది. చెల్లెలికి కాగితం పెట్టినవాడు దుర్మార్గుడు కానక్కరలేదు, అప్పుల్లో ఉన్న మంచివాడు కూడా అదే పని చేస్తాడు. అది చూపిస్తే కథ ఇంకా బలంగా నిలబడేది. రచయిత్రి చేయవలసిన పని ఇది.

కానీ నేను సూచించిన పశ్చాత్తాప సన్నివేశం మాత్రం ఆ కథలో ఉండకూడదు. పశ్చాత్తాపం తండ్రికి ఊరట ఇస్తుంది, మేనత్తకు భూమి ఇవ్వదు. పాఠకుడు తండ్రిని క్షమించి పుస్తకం మూస్తాడు. కూతురు చదువుతూ ఆగిపోయిన చోట కథ ఆగితే, ఆ కాగితంలో మిగిలిన భాగం పాఠకుడు తనే చదువుకోవాలి. ఆ అమ్మాయికి నా సూచన వెనక్కి తీసుకుంటున్నట్టు ఉత్తరం రాశాను.

ఇక మనం, అంటే ఈ పత్రికలో రాసేవాళ్లం, చదివేవాళ్లం చేయవలసిన పని ఒకటుంది. రెండు తరాలు ఎదురుపడిన కథ మన ముందుకు వచ్చినప్పుడు, ఎవరు ఎవరికన్నా చిన్నవాళ్లు అన్నది వదిలేసి మూడు ప్రశ్నలు వేసుకోవాలి. పాత్రలు చెప్పే విలువకూ వాళ్ల చేతిలోని ఆస్తికీ పొత్తు కుదురుతున్నదా? ఘర్షణలో ఓడినవాళ్లు ఏం పోగొట్టుకున్నారు, గెలిచినవాళ్లకు ఏం దక్కింది? ఈ తగాదాకు మూల్యం చెల్లిస్తూ మాట్లాడకుండా ఉన్న మూడో మనిషి ఎవరైనా ఉన్నారా? బుచ్చమ్మ ఆ మూడో మనిషి. సీతారామారావు భార్య, సీతారాముడి కొడుకు ఆ మూడో మనుషులే. మా అక్క కూడా.

ఈ ప్రశ్నలు వేసుకున్న తర్వాత కూడా తరాల మధ్య నిజమైన తేడా మిగిలితే, అప్పుడు దాన్ని తరాల అంతరం అందాం. డోంగ్లిలో ఆ రోజు నేను చూసినది అది కాదు. అక్కడ తాతకూ తండ్రికీ మధ్య అంతరమే లేదు. అంతరం మొదలయింది కాగితం చదువుతూ ఆగిపోయిన ఆ పిల్ల గొంతుతో. ఆ పిల్లకు కూడా ఇంట్లో ఒక తమ్ముడున్నాడని కథలో ఒకచోట ఉంది. రేపు ఆ కాగితం తన ముందుకు వచ్చినప్పుడు ఆమె ఏం చేస్తుంది, ఆ తమ్ముడు ఏం చేస్తాడు అన్నదాన్ని బట్టి మన అభ్యుదయం ఎంతవరకు వచ్చిందో తెలుస్తుంది. అంతవరకూ ఆ మాటను జాగ్రత్తగా వాడుకోవడం మంచిది.